బెంగళూరు బాల్కనీలో కింగ్ సన్‌డ్యూ: వేర్లని చల్లగా ఉంచడానికి పడిన పాట్ల డైరీ

డ్రోసెరా రీజియా, అదే కింగ్ సన్‌డ్యూ అనే, ఆకుల మీది బంకతో పురుగుల్ని పట్టి తినే మొక్క, ఇక్కడ చచ్చిపోయేది ఆకులకి ఎండ తగిలి కాదు, వేర్లు ఉడికిపోయి. ఈ ఒక్క ముక్క మొదట్లోనే తెలిసుంటే సగం మొక్కలు మిగిలేవి, అందుకే దీన్నే ముందు రాస్తున్నా. ఇది దక్షిణాఫ్రికాలో వెస్టర్న్ కేప్‌లో బెయిన్స్ క్లూఫ్ కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. 1926లో ఈడిత్ స్టీఫెన్స్ అనే ఆవిడ దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. అక్కడ ఆకులు 70 సెం.మీ. దాకా వస్తాయి. మన దగ్గర దొరికే సన్‌డ్యూ రకాలు డ్రోసెరా బర్మానై, ఇండికా ఎండకి బాగానే తట్టుకుంటాయి కదా ఇదెంత అనుకుని దిగితే మాత్రం కుదరదు, దీనికి పగలు ఎంత వెలుతురున్నా ఓకే గానీ వేర్ల దగ్గర చల్లగా ఉండాలి, రాత్రికి ఇంకా చల్లబడాలి, గాలి ఆడుతూ ఉండాలి.

ఉండేది మారతహళ్ళిలో, మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ. ఎండ పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర పదకొండు దాకా నేరుగా పడుతుంది, ఆ తర్వాత వెలుతురే. ఏసీ లేదు, గ్రో టెంట్ లేదు.

దశ 1: నీళ్ళు

మొక్క తేకముందు నీళ్ళు తేల్చుకోవాలి. ఈ మొక్కలు ఖనిజాల్లేని నేలల్లో పుట్టినవి, 50 పీపీఎమ్ (నీళ్ళల్లో కరిగిన ఉప్పుల కొలత) దాటిన నీళ్ళు పోస్తూ పోతే ఉప్పు కుండీలోనే పేరుకుంటుంది, పైకి ఏమీ కనపడదు, తర్వాత ఒకేసారి ఆకు కొసలు నల్లబడతాయి.

టీడీఎస్ మీటరుతో (కరిగిన ఉప్పులు కొలిచేది) వచ్చిన పీపీఎమ్ అంకెలు:
కుళాయి నీళ్ళు, బోరూ ట్యాంకరూ కలిసినవి: 780
వంటింట్లో ఆర్వో: 86
బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్: 2
టెర్రస్ మీద పట్టిన వాన నీళ్ళు, మొదటి పది నిమిషాల వాన వదిలేశాక: 13

ఆర్వో నీళ్ళు 86 ఎందుకొచ్చాయో చూస్తే, చాలా ఆర్వోల్లో టీడీఎస్ కంట్రోలర్ అని ఒక చిన్న వాల్వ్ ఉంటుంది, రుచి కోసం మామూలు నీళ్ళని కొంచెం తిరిగి కలుపుతుంది, కొన్నిట్లో మినరల్ కాట్రిడ్జ్ కూడా ఉంటుంది. అంటే ఆర్వో ఉంది కదా అని కళ్ళు మూసుకుని పోయకూడదు. సర్వీస్ అబ్బాయితో ఆ వాల్వ్ మొత్తం మూయిస్తే 41కి వచ్చింది కానీ ఇంట్లో అందరూ తాగే నీళ్ళు అవే, నీళ్ళు చప్పగా ఉన్నాయన్నారు, మళ్ళీ తెరిచేశాను. చివరికి వాన నీళ్ళకే ఫిక్స్ అయ్యాను, మే నుంచి అక్టోబర్ దాకా బెంగళూరులో వానకి కొదవలేదు, మూతున్న డ్రమ్ములో చీకట్లో పెడితే నాచు పట్టదు. ఎండాకాలం చివర్లో డ్రమ్ము అడుగంటితే బ్యాటరీ వాటర్. ఒక జాగ్రత్త, అది కొనేప్పుడు క్యాన్ మీద సరిగ్గా చదవండి, అదే షాపులో అదే సైజు క్యాన్లో ఎలక్ట్రోలైట్ కూడా అమ్ముతారు, అది ఆసిడ్.

ఖర్చు: టీడీఎస్ మీటర్ 280, వైరు చివర ప్రోబ్ ఉండే థర్మామీటర్లు రెండు 440, డ్రమ్ము 850, డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు 240.
ఇప్పటిదాకా: 1,810 రూపాయలు.

దశ 2: మట్టి కాని మట్టి

కోకోపీట్ వద్దు. అందరూ అదే ఇస్తారు, బాగా కడిగితే చాలంటారు. కడిగాను, వాన నీళ్ళల్లో నానబెట్టి పిండి మళ్ళీ నానబెట్టి. కడిగిన వెంటనే దిగిన నీళ్ళు 60 చూపించాయి, బాగుందే అనిపించింది, వారం తర్వాత అదే కుండీలో మళ్ళీ వాన నీళ్ళు పోసి కింద పట్టి చూస్తే 240. కొబ్బరి పీచు పొట్టు సోడియం, పొటాషియం అయాన్లని పట్టుకుని ఉంటుంది, ఉత్త నీళ్ళతో కడిగితే అవి మొత్తం పోవు, మెల్లగా వదులుతూనే ఉంటాయి. కూరగాయల మొక్కలకి పర్లేదు, దీనికి పనికిరాదు.

పీట్ మాస్ (బురద నేలల్లో పేరుకుని పాతబడిన నాచు) దగ్గర ఇంకో చిక్కు. నర్సరీలకి అమ్మే పీట్‌లో చాలావరకు సున్నమూ ఎరువూ ముందే కలిపి ఉంటాయి, బస్తా మీద పీహెచ్ 5.5 - 6.5 అని రాసుంటే అది అలాంటిదే. మనకి కావాల్సింది ఏమీ కలపని పచ్చి పీట్, పీహెచ్ 3.5 - 4.5 అని ఉంటుంది. కిలో లెక్కన తూచి విడిగా అమ్మే వాళ్ళ దగ్గర లేబుల్ ఉండదు కాబట్టి కొనేముందు పిడికెడు తెచ్చి ఇలా టెస్ట్ చేయండి.

1. చిన్న కప్పుకి అడుగున చిల్లులు పెట్టి పీట్ నింపాలి.
2. డిస్టిల్డ్ వాటర్‌తో పూర్తిగా తడిపి ఒక రాత్రి వదిలేయాలి.
3. పొద్దున పైనుంచి ఇంకో కప్పు డిస్టిల్డ్ వాటర్ పోయాలి.
4. కింద దిగిన నీళ్ళని మీటరుతో చూడాలి.

ఒక చోట తెచ్చిన పీట్ 430 చూపించింది, అందులో ఎరువు ఉన్నట్టే. రెండో చోటది 38. రెండోదే వాడాను.

కలిపింది పీట్ ఒక వంతు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) ఒక వంతు, సిలికా ఇసుక ఒక వంతు. ఇసుక వాటర్ ఫిల్టర్లలో వేసేది, గింజ 1 - 2 మి.మీ. ఉండేది, కడిగితే నీళ్ళు తెల్లగానే దిగాలి. ఇళ్ళు కట్టడానికి వాడే ఎం-శాండ్ జోలికి పోవద్దు, అది రాతి పొడి, సన్నటి దుమ్మంతా అడుక్కి చేరి బిగుసుకుపోతుంది.

ఖర్చు: పీట్ 650, పెర్లైట్ 260, సిలికా ఇసుక 240, స్ఫాగ్నమ్ మాస్ (పొడుగు పోగుల నాచు) 520, పక్కన పడేసిన కోకోపీట్ 120.
ఇప్పటిదాకా: 3,600.

దశ 3: వేరు ముక్కలు

విత్తనాలు కూడా వేశాను కానీ ఒక్కటీ మొలవలేదు. రీజియా గింజలు తాజాగా ఉంటేనే అవకాశం, పోస్టులో తిరిగి తిరిగి వచ్చినవాటికి ఆశ పెట్టుకోవద్దు. వేరు ముక్కలైతే నమ్మకం. ఊళ్ళోనే పెంచే ఒకాయన కుండీ మారుస్తూ కొన్ని వేర్లు ఇచ్చారు, బదులుగా నా దగ్గరున్న కేప్ సన్‌డ్యూ (ఇంకో రకం సన్‌డ్యూ) పిల్లలు ఇచ్చాను, డబ్బులేం అవలేదు. నవంబర్‌లో పెట్టాను, బెంగళూరులో దీనికి అదే మంచి టైమ్, ముందు మూడు నాలుగు నెలలు చల్లగా ఉంటుంది.

1. వేరు పైన నల్లగా ఉంటుంది, అది కుళ్ళు కాదు. కోస్తే లోపల తెల్లగా గట్టిగా ఉండాలి. గోధుమరంగులో మెత్తగా ఉంటే పారేయాలి.
2. 3 - 4 సెం.మీ. ముక్కలు చేయాలి, బ్లేడుని స్పిరిట్‌తో తుడుచుకుని.
3. తడి మిక్స్ మీద అడ్డంగా పడుకోబెట్టి, కత్తిరించిన స్ఫాగ్నమ్ అర సెంటీమీటర్ మందాన కప్పాలి.
4. డబ్బాకి మూత వదులుగా పెట్టాలి, నేరుగా ఎండ వద్దు.
5. కదపకూడదు. వేళ్ళతో తీసి చూసిన ముక్కలే ముందు బూజు పట్టాయి.

లావు ముక్కల మీద డిసెంబర్ ఆఖర్లో ఆకుపచ్చ చుక్కలు వచ్చాయి. సన్నటి ముక్కలు ఒక్కటీ రాలేదు, అగ్గిపుల్ల కంటే సన్నగా ఉన్నవాటి మీద టైమ్ పెట్టొద్దు అనేది నా అభిప్రాయం. ఇక్కడ ఫంగస్ గ్నాట్స్ అనే నల్ల దోమల్లాంటివి వచ్చాయి, పెద్దవి పక్కన ఉన్న కేప్ సన్‌డ్యూలకి అతుక్కుని చచ్చాయి గానీ వాటి పురుగులు మెత్తటి మొలకల్ని కింద నుంచి తినేశాయి. స్ఫాగ్నమ్ పైన సెంటీమీటర్ సిలికా ఇసుక పరిస్తే తగ్గాయి, పైపొర ఆరిపోతే అవి గుడ్లు పెట్టవు.

దశ 4: మొదటి ఎండాకాలం

ఫిబ్రవరిలో పిల్లల్ని విడి కుండీల్లోకి మార్చాను, ఆకులు 2 సెం.మీ. మార్చి రెండో వారం నుంచి ఒక్కొక్కటే పోవడం మొదలైంది. అన్నీ ఒకే పద్ధతిలో పోయాయి, పొద్దున నిగనిగలాడుతూ బంక చుక్కలతో ఉన్న మొక్క సాయంత్రానికి మధ్యలోంచి వాలిపోతుంది, రెండో రోజుకి లాగితే చేతిలోకి వచ్చేస్తుంది, కింద వేరు తేనెరంగు గుజ్జు.

మొదట గాల్లో తేమ లేకనేమో అనుకుని ఒక కుండీకి పాలిథిన్ కప్పాను. లోపల ప్రోబ్ పెడితే ఎండ పడేటప్పుడు 41 డిగ్రీలు. అది ఇంకా తొందరగా పోయింది. ఎండు గాలికి మధ్యాహ్నం పూట ఆకుల మీద బంక తగ్గడం మామూలే, రాత్రికి మళ్ళీ వస్తుంది, దానికి కంగారు పడి కవర్లు కప్పడం ఈ మొక్క విషయంలో చేయకూడని పని.

అప్పుడు రెండో ప్రోబ్‌ని కుండీలో 8 సెం.మీ. లోతుకి దించాను. అసలు సంగతి అక్కడ తెలిసింది.

బాల్కనీ గాలి: 34.2
నల్ల ప్లాస్టిక్ కుండీ లోపల: 38.6
అదే కుండీకి తెల్ల పెయింట్ వేశాక: 34.5

ఎండ పడే నల్ల కుండీ లోపల బయటి గాలి కంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉంటే ఇంక మొక్క ఎక్కడ బతుకుతుంది.

ఐస్ బాటిల్స్ కూడా పెట్టి చూశాను. ఫ్రీజర్లో గడ్డకట్టించిన అర లీటర్ సీసా కుండీకి ఆనించి పెడితే గంటలో 21కి దిగుతుంది, ఐస్ కరిగాక మూడింటికల్లా మళ్ళీ 33. ఆఫీసుకి పోయేవాళ్ళకి మధ్యాహ్నం సీసాలు మార్చడం కుదరదు, పైగా వేడి అలా ఎక్కడం దిగడం వేర్లకి మంచిది కాదనిపించి ఆపేశాను.

మలుపు మా అమ్మ వల్ల వచ్చింది. కడప నుంచి వచ్చింది, నేను ఫ్రిజ్ తలుపు తీసి సీసాలు సర్దడం చూసి "ఏంది నాయనా ఆ తిప్పలు, మంచినీళ్ళ కుండ కింద ఇసక పోసి తడిపేవాళ్ళం గదా, అట్ట పెట్టు" అంది. కుండ చల్లదనం అంటే మట్టి రంధ్రాల్లోంచి నీళ్ళు బయటికి ఊరి ఆవిరవుతూ వేడిని లాక్కుపోవడం, అది పనిచేయాలంటే గాలి పొడిగా ఉండాలి, బెంగళూరులో మార్చి ఏప్రిల్ మధ్యాహ్నం తేమ పాతిక ముప్పై శాతానికి పడిపోతుంది. 35 డిగ్రీలు, 25 శాతం తేమ ఉన్న గాలిలో తడి వస్తువు సిద్ధాంతం ప్రకారం 20 డిగ్రీల దాకా దిగొచ్చు. మొక్కకి శత్రువు అనుకున్న ఎండు గాలితోనే దాని వేర్లని చల్లబరచొచ్చన్నమాట.

పాటరీ టౌన్‌కి వెళ్ళి పాలిష్ లేని, పెయింట్ లేని, 35 సెం.మీ. వెడల్పు మట్టి కుండీ తెచ్చాను. మొదటి ఏర్పాటులో మొక్క కుండీని నేరుగా తడి ఇసుకలో దించితే వేర్ల దగ్గర 27కి వచ్చింది, కానీ ఇసుకలో పోసేది కుళాయి నీళ్ళు, అవి అడుగు చిల్లుల్లోంచి పైకి పాకాయి, పదిరోజులకి కుండీలోంచి దిగిన నీళ్ళు 190. ఇసుకలో కూడా వాన నీళ్ళే పోద్దామంటే రోజుకి లీటరున్నర తాగుతోంది, డ్రమ్ము నెలన్నర కూడా రాదు. అందుకే మధ్యలో చిల్లుల్లేని బకెట్ ఒకటి పెట్టాను. ఇప్పుడున్న ఏర్పాటు ఇది:

1. మట్టి కుండీని ఒక రాత్రంతా నీళ్ళల్లో ముంచి నానబెట్టాలి. అడుగు చిల్లుని సిమెంటుతో మూసేయాలి.
2. అడుగున 5 సెం.మీ. ఇసుక, దాని మీద సన్నటి ఎత్తు బకెట్.
3. బకెట్‌కీ కుండీకీ మధ్య చుట్టూ ఇసుక. ఇక్కడ ఎం-శాండ్ అయినా పర్లేదు.
4. బకెట్ లోపల 25 సెం.మీ. ఎత్తున్న మొక్క కుండీ. బకెట్ అడుగున వాన నీళ్ళు 3 సెం.మీ. మించకుండా.
5. చుట్టూ ఉన్న ఇసుకకి కుళాయి నీళ్ళు (ఇది తర్వాత మార్చాను, దశ 6లో ఉంది), పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి.
6. వారానికోసారి మొక్క పైనుంచి వాన నీళ్ళు ధారగా పోసి, బకెట్లో చేరిన నీళ్ళు పారబోయాలి.

ఎస్పీ రోడ్‌లో 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్, అడాప్టర్ తెచ్చి కుండీ వైపు పెట్టాక ఇంకో రెండు డిగ్రీలు తగ్గింది. గాలి మట్టి గోడకి తగలాలి, మొక్కకి కాదు.

ఏప్రిల్ ఆఖర్లో, మధ్యాహ్నం 3 గంటలకి:
గాలి: 35.6
వేర్ల దగ్గర, ఫ్యాన్ లేకుండా: 27.4
వేర్ల దగ్గర, ఫ్యాన్‌తో: 25.3
వేర్ల దగ్గర, తెల్లవారుజామున: 19.8

అప్పటికి మిగిలింది రెండే మొక్కలు. ఆ రెండూ ఇప్పటికీ ఉన్నాయి.

ఖర్చు: మట్టి కుండీ 450, బకెట్ 130, ఎత్తు కుండీ 90, ఫ్యాన్, అడాప్టర్ 430.
ఇప్పటిదాకా: 4,700.

దశ 5: వానాకాలం

జూన్ నుంచి కుండ పెద్దగా చల్లబరచదు, గాల్లో తేమ ఎక్కువ. కానీ అప్పుడు బయటే 27 - 28, అవసరం కూడా ఉండదు. జూన్ నుంచి ఆగస్టు దాకా బెంగళూరు వాతావరణం దీనికి నచ్చినంత ఇంకేదీ నచ్చలేదు, ఆగకుండా గాలి, మబ్బు వెలుతురు, చల్లటి రాత్రులు. ఆకు 4 సెం.మీ. నుంచి 11కి పోయింది.

రెండో మొక్కని ఉత్త స్ఫాగ్నమ్‌లో పెట్టి పోల్చి చూశాను. వరసగా వానలు పడ్డప్పుడు అది ఆరదు, ఆగస్టులో ఆ కుండీ నుంచి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చింది, అంటే అడుగున గాలి అందట్లేదని. తీసి చూస్తే కింది వేర్ల కొసలు మెత్తబడ్డాయి. బాగున్న భాగం దాకా కోసి ఇసుక కలిపిన మిక్స్‌లోకి మార్చాను, రెండు నెలలు కొత్త ఆకు రాకుండా అలాగే ఉండి అక్టోబర్‌లో కదిలింది. రీజియా వేర్లు తక్కువ, లావుగా ఉంటాయి, కదిపితే తేరుకోవడానికి టైమ్ పడుతుంది, ఊరికే కుండీలు మార్చొద్దు.

పేనుబంక కూడా ఈ సీజన్‌లోనే. కొత్త ఆకు మెలితిరిగి, పొట్టిగా, టెంటకిల్స్ (కొసన బంక చుక్కలుండే వెంట్రుకల్లాంటివి) ఒకవైపే వస్తుంటే మధ్య మొగ్గలోకి టార్చ్ వేసి చూడండి, అక్కడ దాక్కుంటాయి. వేపనూనె కొట్టొద్దు, ఆకుల మీద బంకంతా పోతుంది. మొత్తం కుండీని వాన నీళ్ళల్లో రెండు రోజులు ముంచి ఉంచాను, మొక్కకి ఏమీ కాలేదు, పురుగులు పోయాయి.

తిండి విషయం ఎక్కువ రాయక్కర్లేదు, బాల్కనీలో దానికది పట్టుకుంటుంది. ఒకసారి మాత్రం కూర్చుని చూశాను. సాయంత్రం లైటుకి వచ్చిన చిన్న రెక్కల పురుగు ఒకటి ఆకు కొస దగ్గర అతుక్కుంది. పక్క టెంటకిల్స్ పది నిమిషాల్లోనే దాని మీదికి వాలాయి, పడుకునేముందు చూస్తే ఆకు కొస గోరులా వంగింది, పొద్దునకి పురుగు చుట్టూ ఒకటిన్నర చుట్టు తిరిగిపోయింది, లోపలి పురుగు రెక్క అంచు మాత్రం కనపడుతోంది. కేప్ సన్‌డ్యూ కూడా ఆకు మడుస్తుంది గానీ ఇంత పొడుగాకు ఇలా ముడి వేసినట్టు చుట్టుకోవడం చూస్తే, ఇంత కష్టపడి దీన్నే ఎందుకు పెంచుతున్నావని ఎవరైనా అడిగితే ఇది చూపిస్తే చాలనిపించింది.

దశ 6: రెండో ఎండాకాలం

అన్నీ కుదిరాయనుకున్నాక మార్చి ఆఖర్లో వేర్ల దగ్గర అంకె మెల్లగా పెరగడం మొదలైంది, గాలి అంతే ఉంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, 25 నుంచి 27, తర్వాత 29.7. కుండీ బయటి గోడ నిండా తెల్లటి పొర, గోకితే పిండిలా రాలింది. 780 పీపీఎమ్ నీళ్ళు రోజూ ఆ గోడలోంచి ఆవిరైపోతుంటే సున్నం అక్కడే మిగిలిపోతుంది, రంధ్రాలు మూసుకుపోయాయి. ఇంట్లో మంచినీళ్ళ కుండ ఏటా కొత్తది ఎందుకు కొంటారో ఇప్పుడర్థమైంది.

గోకడం వల్ల లాభం లేదు, లోపలి రంధ్రాలు తెరుచుకోవు. వెనిగర్ ఒక వంతు నీళ్ళు మూడు వంతులు కలిపి బయటి గోడకి గుడ్డ చుట్టి తడుపుతూ ఒక రాత్రి ఉంచితే 27.6కి దిగింది, పూర్తిగా కాదు. కొత్త కుండీ పెడితే మళ్ళీ 25.1. కాబట్టి ఇప్పుడు రెండు కుండీలు, ఒకటి వాడకంలో ఉంటే ఇంకోటి వెనిగర్ నీళ్ళల్లో. ఇసుకకి పోసే నీళ్ళు కూడా మార్చాను, వాడకంలో ఉన్న కుండీకి ఆర్వో మంచినీళ్ళే పోస్తున్నా, 86 పీపీఎమ్ మొక్కకి ఎక్కువ గానీ మట్టి గోడకి చాలా మేలు. ఆర్వో వేస్ట్ నీళ్ళు మాత్రం అస్సలు పోయొద్దు, కుళాయి నీళ్ళ కంటే ఉప్పు ఎక్కువ.

ఖర్చు: రెండో మట్టి కుండీ 450, వెనిగర్ 60.
ఇప్పటిదాకా: 5,210.

చెన్నై వాళ్ళకి

చెన్నైలో ఉండే మా బావ ఇదే చేస్తానంటే వద్దన్నాను. అక్కడ మే మధ్యాహ్నం 37 డిగ్రీలు, 50 శాతం తేమ అనుకుంటే తడి వస్తువు ఎంత దిగినా 28 దగ్గరే ఆగిపోతుంది, ఆచరణలో మట్టి కుండీ 31 - 32 కంటే కిందికి తేలేదు, రాత్రులు కూడా పెద్దగా చల్లబడవు. "మరి ఏం చేయమంటావ్ బావా" అన్నాడు. రీజియానే కావాలంటే రాత్రి ఏసీ నడిచే గదిలో ఎల్ఈడీ లైటు కింద పెట్టుకోవాలి, లేదా బాల్కనీలో బర్మానైతో మొదలుపెట్టాలి, అది వేడికి పుట్టిన మొక్క. ప్రస్తుతం బర్మానై గింజలు పంపాను.

ఇప్పటి పరిస్థితి

పెద్ద మొక్క పొడవాటి ఆకు 27 సెం.మీ., చిన్నదానిది 14. కుండీలోంచి దిగే నీళ్ళు 31 పీపీఎమ్, 60 దాటితే కడుగుతాను. ఏప్రిల్ మొత్తంలో వేర్ల దగ్గర అత్యధికం 29.7, అది కుండీ మూసుకుపోయిన రోజుల్లో వచ్చిందే. వచ్చే నవంబర్‌లో పెద్దదాని పక్కనున్న రెండు లావు వేర్లు తీసి ముక్కలు పెడతాను, ఈసారి వాటిని ఫిబ్రవరిలో విడి ప్లాస్టిక్ కుండీల్లోకి మార్చకుండా అన్నిటినీ కలిపి ఒకే మట్టి కుండీ ఏర్పాటులో మార్చికి ముందే దించేయాలి. కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతోంది కాబట్టి దాన్ని వైఫై రూటర్‌కున్న చిన్న యూపీఎస్‌కి కలపాలి, రెండూ 12 వోల్టులే, పిన్ సైజు ఒకటేనా కాదా చూడాలి.